హౌరా వంతెన

కలకత్తా, హౌరా నగరాల మధ్య హుగ్లీ నదిపై ఉన్న ఉక్కు వారధి. కాంటిలీవర్ ట్రస్సు పద్ధతిలో కట్టినది. 1965 జూన్ 14న రవీంద్ర సేతు అని పేరు మార్చినా జనం నోట పాత పేరే నిలిచింది.

నదికి వంతెన వేయవచ్చేమో చూడమని బెంగాల్ ప్రభుత్వం 1862లో ఈస్టిండియన్ రైల్వే ఇంజనీరు జార్జ్ టర్న్‌బుల్‌ను కోరింది. అడుగున బురద మరీ లోతు, పునాదులకు ఖర్చు తడిసి మోపెడవుతుందని ఆయన తేల్చాడు. బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ ఆ బురద జోలికే పోకుండా తేలే దోనెలపై కట్టిన వంతెన 1874లో వాడుకలోకి వచ్చింది. ఓడలు దాటాలంటే నడుమ 200 అడుగుల మేర విడదీయాలి. అంతసేపూ రాకపోకలు బంద్. అలాగే ఏడు దశాబ్దాలు నెట్టుకొచ్చారు.

శాశ్వత వంతెన కోసం 1921లో సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ అధ్యక్షతన సంఘం వేశారు. 1926లో చట్టం వచ్చింది, 1936లో పని మొదలైంది. నమూనా రెండెల్, పామర్ అండ్ ట్రిటన్ సంస్థది. పునాదికి దించిన ఒక్కో కైసన్ (బోలుగా ఉండే భారీ పునాది పెట్టె) 55 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. అందులో 21 బావులు. వాటి గుండా బురద తోడుతూ కైసన్‌ను కిందికి దించేవారు. లంగర్లు, ఫిరంగి గుండ్లు, ఇత్తడి పాత్రలు, ఈస్టిండియా కంపెనీ కాలపు నాణేలు బయటపడ్డాయి. ఒక రాత్రి అడుగు నేల జారి కైసన్ మొత్తం ఒక్కసారిగా రెండడుగులు దిగబడింది. ఖిదిర్‌పూర్‌లోని భూకంప మాపకం దాన్ని భూకంపంగానే నమోదు చేసింది.

మొత్తం ఉక్కు 26,500 టన్నులు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇంగ్లండు సరఫరా ఆగిపోగా, 23,000 టన్నులు టాటా కర్మాగారమే అందించింది. ఇందుకోసం టిస్క్రామ్ అనే ప్రత్యేక ఉక్కును తయారుచేసింది. ఈ దేశపు లోహ పరిశ్రమకు అది నిజంగా గర్వకారణమైన ఘట్టం. నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్లే. ప్రధాన ట్రస్సుల నుంచి 39 జతల హ్యాంగర్లు రోడ్డును మోస్తున్నాయి. రెండు స్తంభాల నడుమ దూరం 457 మీటర్లు.

జపాను దాడి భయంతో 1943 ఫిబ్రవరి 3న ఆర్భాటం లేకుండా తెరిచారు. మొదట దాటింది ఒక ట్రామ్. 1993లో ట్రామ్‌లు ఆగాయి.

2005లో ఒక సరుకు నౌక వంతెన కింద ఇరుక్కుని కొన్ని దూలాలను దెబ్బతీసింది. అంతకన్నా మొండి శత్రువు కిళ్లీ ఉమ్మి. సున్నం, వక్క కలిసిన ఆ రసానికి హ్యాంగర్ల అడుగున ఉండే ఉక్కు తొడుగులు ఆరు మిల్లీమీటర్ల మందం నుంచి మూడుకు అరిగాయని 2011లో తేలింది. దాంతో వాటికి ఫైబర్‌గ్లాస్ కవచాలు బిగించారు.