ట్రాక్ దిగని జ్యోతి

తుపాకి పేలకముందే ఒక దేహం కదిలింది.

2023 అక్టోబర్ 1, ఆదివారం రాత్రి. చైనాలోని హాంగ్‌ఝౌ నగరం. ఆసియా క్రీడల మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. సొంత గడ్డ మీద, సొంత జనం కేకల నడుమ చైనా అమ్మాయి వూ యాన్నీ బ్లాకుల్లోంచి ముందే లేచింది. ఆ కదలికతో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కూడా లేచిపోయింది. అధికారులు వచ్చారు. తప్పు ఇద్దరిదీ అన్నారు. ఇద్దరూ తప్పుకోవాలన్నారు.

జ్యోతి తప్పుకోలేదు. ముందు కదిలింది తాను కాదని అక్కడే నిలబడి వాదించింది. వీడియో చూడమంది. పరాయి దేశం, పరాయి భాష, చుట్టూ ప్రత్యర్థి జనం. ఇరవై నాలుగేళ్ల పిల్ల. అంతర్జాతీయ పోటీలో అధికారి పొమ్మంటే తల వంచుకుని వెళ్లిపోవడమే మన ఆటగాళ్లలో చాలామందికి అలవాటు. ఆమె మాత్రం లేన్ వదల్లేదు. వీడియో చూశారు, తర్జనభర్జన పడ్డారు, చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు.

మళ్లీ వంగింది. మళ్లీ వేళ్లు గీత వెనక మోపింది.

ఈ పరుగు ఎంత కచ్చితమైనదో కొంచెం చెప్పాలి. దారిలో పది హర్డిల్స్. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దూరంలో. ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకూ ఒకటి. చివరి హర్డిల్ దాటాక మిగిలేది పదిన్నర మీటర్లు. మొదటి హర్డిల్‌కు ఎనిమిది అడుగులు, ఆపైన రెండింటి మధ్య మూడంటే మూడే అడుగులు. ఒక్క అడుగు చిన్నదైతే తర్వాతి హర్డిల్ కాలికి తగులుతుంది. మనసు చెదిరితే ముందు చెదిరేది ఆ అడుగే. అంత గొడవ పడి, గుండె దడ ఇంకా తగ్గకుండానే జ్యోతి ఆ పదీ దాటింది. లిన్ యూవే 12.74 సెకన్లలో మొదట చేరింది. వూ యాన్నీ రెండో స్థానంలో వచ్చింది. జ్యోతి 12.91తో మూడోది. అంతకు రెండు నెలల ముందు చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో ఆమె పరుగు 12.78. ఆ తేడా కాళ్లది కాదు, ఆ రాత్రి గొడవది.

భారత అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున అంజూ బాబీ జార్జ్ పట్టుబట్టారు. అధికారులు వూ యాన్నీని అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతి మెడలో పడింది వెండి పతకం.

అయితే, గీత దాటాక కూడా నిరూపించుకోవాల్సి రావడం ఆమెకు కొత్త కాదు. 2020 జనవరి, కర్ణాటకలోని మూడబిద్రి. విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచీ ఉన్న 13.38. రికార్డు బద్దలైనట్టే. కానీ డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. లెక్కలోకి రాదన్నారు. 2022 ఏప్రిల్, కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి 2.0. మళ్లీ లెక్కలోకి రాలేదు. గాలి సంగతి సరే, నియమం నియమమే. కానీ పోటీ పెట్టి డోప్ పరీక్షకు మనిషిని పంపకపోవడం నిర్వాహకుల తప్పు. దాని శిక్ష పరుగెత్తిన పిల్లకు పడింది.

ఆ మరుసటి నెలలోనే సైప్రస్‌లోని లిమాసోల్‌లో, మే 10న, 13.23. ఈసారి ఎవరూ వంక పెట్టలేకపోయారు. ఇరవై ఏళ్ల రికార్డు చెరిగింది. అదే ఏడాది అక్టోబర్‌లో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్ల లోపు ఈ పరుగు ముగించిన తొలి భారతీయురాలు ఆమే.

    

విశాఖలో జ్యోతి తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేసి, ఆసుపత్రి శుభ్రం చేసి సంసారం ఈడ్చింది. పోర్ట్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ పిల్ల ఎత్తు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించాడు. 2016లో హైదరాబాద్ వచ్చి భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేశ్ దగ్గర మెళకువలు నేర్చింది. ఆపైన భువనేశ్వర్, అక్కడ బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్. 2023 జూలైలో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణం. 2024లో పారిస్. ఒలింపిక్స్‌లో ఈ పరుగులో దిగిన తొలి భారతీయురాలు. అక్కడ సెమీస్ చేరలేదు. 2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమిలో, వానకు ఖాళీ అయిన గ్యాలరీల ముందు, 12.96తో మళ్లీ ఆసియా స్వర్ణం, చాంపియన్‌షిప్ రికార్డు. ఆ తర్వాత మోకాలి గాయం, శస్త్రచికిత్స.

హైదరాబాద్ బోరబండలో ఈ కథ చదివే తల్లులకు ఆమె తల్లి బతుకు విప్పి చెప్పక్కర్లేదు. తెల్లారకుండా సైట్-3 నుంచి, మోతీనగర్ నుంచి అమీర్‌పేట, పంజగుట్ట అపార్ట్‌మెంట్లలో పనికి నడిచే అక్కలు, రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్ అన్నలు మన వీధి నిండా ఉన్నారు. వాళ్ల పిల్లలు సర్కారు బడుల్లో ఉన్నారు. మీ అమ్మాయి బాగా పరుగెడుతోందని పీఈటీ సార్ కబురు పెడితే, గచ్చిబౌలి స్టేడియం దూరమని, పొద్దుపోతుందని ఆపకండి. ఒక్కసారి పంపి చూడండి.