కేంద్రీకృత అల్ట్రాసౌండ్ చికిత్స

మనిషి చెవికి వినబడనంత ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వని తరంగాలను శరీరం వెలుపలి నుంచి పంపి, లోపల ముందే నిర్ణయించుకున్న ఒక చోట అవన్నీ కలిసేలా చేసి, అక్కడి వ్యాధిగ్రస్త కణజాలాన్ని కోత లేకుండా నశింపజేసే వైద్య పద్ధతిని కేంద్రీకృత అల్ట్రాసౌండ్ చికిత్స అంటారు. గర్భిణులకు చేసే స్కానింగులో వాడేదీ ఈ తరంగాలనే. అయితే స్కానింగులో వాటి తీవ్రత చదరపు సెంటీమీటరుకు ఒక వాటుకన్నా తక్కువ కాగా, చికిత్సలో తరంగాలు కలిసే చోట, అంటే నాభి దగ్గర, అది వేల వాట్లకు చేరుతుంది. తరంగాలు దాటి వచ్చిన చర్మానికీ కండరానికీ పెద్దగా హాని జరగకపోవడానికి కారణం, దారిలో అవి విశాలమైన వైశాల్యం మీద పరుచుకుని ఉండడం.

మృదు కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. చికిత్సకు సాధారణంగా అర మెగాహెర్ట్జ్ నుంచి నాలుగు మెగాహెర్ట్జ్‌ల వరకు పౌనఃపున్యాన్ని ఎంచుకుంటారు. పౌనఃపున్యం పెరిగినకొద్దీ నాభి చిన్నదై గురి నిశితమవుతుంది కాని, తరంగశక్తిని దారిలోని కణజాలమే ఎక్కువగా పీల్చుకోవడం వల్ల లోతుకు చేరేది తగ్గుతుంది. అందుకే పుర్రె దాటాల్సిన మెదడు చికిత్సకు తక్కువ పౌనఃపున్యాన్నీ, పురీషనాళం గుండా దగ్గర నుంచే అందే ప్రోస్టేట్ గ్రంథికి ఎక్కువ పౌనఃపున్యాన్నీ వాడతారు. నాభి పరిమాణం పరికరాన్ని బట్టి మారినా, చాలా సందర్భాల్లో అది వడ్లగింజను పోలిన సన్నని పొడవాటి ఆకారంలో ఉంటుంది కాబట్టి, పెద్ద గడ్డను నశింపజేయాలంటే నాభిని కొద్దికొద్దిగా జరుపుతూ పదుల సార్లు శక్తిని ప్రయోగించవలసి వస్తుంది.

నాభి దగ్గర పీల్చుకోబడిన ధ్వనిశక్తి వేడిగా మారుతుంది. కణాలు చనిపోవడానికి ఎంత వేడి చాలునన్నది ఉష్ణోగ్రత మీదా, అది నిలిచిన సమయం మీదా ఆధారపడి ఉంటుంది. 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర 240 నిమిషాలు నిలిపితే కలిగే నష్టాన్ని వైద్యులు ప్రమాణంగా తీసుకుంటారు. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ అవసరమైన సమయం సగానికి తగ్గుతూ వస్తుంది కనుక, 56 డిగ్రీలకు చేరేసరికి రెండు సెకన్ల లోపే అంత నష్టమూ జరిగిపోతుంది. ఈ వేగమే పద్ధతికి బలం, ఎందుకంటే రక్తప్రవాహం ఆ వేడిని పక్కకు మోసుకుపోయే లోగానే పని ముగుస్తుంది.

ఇలా చూస్తే వేడి పుట్టించడం ఏమంత కష్టం కాదు. కష్టమంతా దారిలోనే ఉంది. గాలి తగిలితే ధ్వని దాదాపు పూర్తిగా పరావర్తనం చెందుతుంది కాబట్టి ఊపిరితిత్తులూ, వాయువు నిండిన పేగులూ దానికి అడ్డుగోడలు. ఎముక తరంగాలను విపరీతంగా పీల్చుకుని తానే వేడెక్కుతుంది, పైగా వాటి దిశను మారుస్తుంది. చర్మానికీ పరికరానికీ మధ్య గాలిబుడగ చిక్కుకున్నా చర్మం కాలే ప్రమాదం ఉన్నందువల్ల, కరిగి ఉన్న వాయువులను తొలగించిన నీటిని ఆ మధ్యలో నింపుతారు. ఈ చికిత్స చరిత్ర అంతా ఈ అడ్డంకులను ఒక్కొక్కటిగా దాటుకుంటూ వచ్చిన కథే.

తీవ్రమైన అల్ట్రాసౌండ్ జీవులపై చూపే ప్రభావం మొదట చేపల మీద కనబడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాముల ఉనికిని పసిగట్టే ప్రయత్నంలో ఉన్న ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్, 1917 ప్రాంతంలో తన పరికరం ముందుకు వచ్చిన చేపలు చనిపోవడాన్నీ, ఆ నీటిలో చెయ్యి పెడితే నొప్పి పుట్టడాన్నీ గమనించాడు. 1927లో అమెరికాలో రాబర్ట్ వుడ్, ఆల్ఫ్రెడ్ లూమిస్ చిన్న చేపల మీదా కప్పల మీదా ఇటువంటి ప్రయోగాలను క్రమపద్ధతిలో చేసి వివరాలు ప్రకటించారు. కొల్లేటి చేపల చెరువుల నడుమ నివసించే పాఠకులకు ఈ ఆరంభం కొంత చిత్రంగా తోచవచ్చు కాని, ఆ తరువాతి చికిత్సా విధానాలన్నిటికీ బీజం అక్కడే పడింది. తరంగాలను ఒకచోట కేంద్రీకరించి, పైపొరను చెడగొట్టకుండా లోపలి కణజాలాన్ని మాత్రమే నశింపజేయవచ్చునని 1942లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో లిన్, అతని సహచరులు చూపారు. 1950లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై సోదరులు పిల్లుల మెదడులో ఎంచుకున్న భాగాలను నశింపజేసి, ఆ పిమ్మట శస్త్రవైద్యుడు రసెల్ మేయర్స్‌తో కలిసి పార్కిన్సన్స్ రోగులకు చికిత్స చేశారు. అయితే ధ్వనికి దారి ఇవ్వడానికి రోగి పుర్రెలో కొంత భాగాన్ని ముందుగా తొలగించవలసి వచ్చింది. కోత లేని చికిత్స కోసం పుర్రెను కోయడమన్న ఈ వైరుధ్యం వల్ల ఆ ప్రయత్నం అప్పటికి నిలవలేదు.

ఆ కాలంలోనే తెలుగునాట అల్ట్రాసౌండ్ మీద గట్టి పరిశోధన జరిగింది, అయితే అది వైద్యం కోసం కాదు. ధ్వని తరంగాలు సాగుతున్న ద్రవం గుండా వెళ్లే కాంతి ఎలా వివర్తనం చెందుతుందో వివరించే సిద్ధాంతాన్ని సి.వి. రామన్, ఎన్.ఎస్. నాగేంద్రనాథ్ 1935-36లో ప్రతిపాదించారు. కలకత్తాలో రామన్ దగ్గర పరిశోధన చేసి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన సూరి భగవంతం, 1940లలో తన శిష్యులతో కలిసి అల్ట్రాసౌండ్ సాయంతో స్ఫటికాల స్థితిస్థాపక గుణకాలను కొలిచే పనిని పెద్దయెత్తున సాగించాడు. వాల్తేరు పరిశోధనకూ నేటి శస్త్రచికిత్సా పరికరాలకూ నేరుగా వారసత్వం కలపడం అతిశయోక్తి అవుతుంది. అయితే ధ్వనిపుంజాన్ని కాంతి సాయంతో కంటికి కనబడేలా చేసే పద్ధతులను ప్రయోగశాలల్లో చికిత్సా పరికరాల నాభిని పరీక్షించడానికి ఈనాటికీ వాడుతున్నారు, వాటి వెనుక ఉన్నది ధ్వని, కాంతుల ఆ పరస్పర ప్రభావమే.

చికిత్స ఆస్పత్రుల దాకా రావడానికి తోడ్పడినది ఎమ్మారై. శరీరంలోని నీటి అణువుల్లో ఉండే ప్రోటాన్ల అనునాద పౌనఃపున్యం ఉష్ణోగ్రతతో పాటు స్వల్పంగా మారుతుంది. ఆ మార్పును కొలిచి, వేడి ఎక్కడ ఎంత పుట్టిందో కొన్ని సెకన్లకొకసారి చిత్రంగా చూడగల వీలు 1990లలో ఏర్పడింది. బోస్టన్‌లో ఫెరెన్స్ యోలెస్, కుల్లెర్వో హైనినెన్ ఎమ్మారైనీ కేంద్రీకృత అల్ట్రాసౌండ్‌నూ జతచేసే కృషికి ఆద్యులు. ఈ పద్ధతిలో మొదట తక్కువ శక్తితో కణజాలాన్ని హాని లేనంత మేర వేడిచేసి, నాభి సరైన చోటే పడిందని చూసుకున్న తరువాతనే పూర్తి శక్తిని ప్రయోగిస్తారు. శస్త్రవైద్యుడి కత్తికి ఇటువంటి రిహార్సలు చేసుకునే వెసులుబాటు లేదు.

పుర్రె సమస్య లెక్కల ద్వారా తీరింది. ముందుగా తీసిన సీటీ చిత్రం నుంచి పుర్రె మందాన్ని చోటుచోటుకూ గణించి, శిరస్త్రాణం ఆకారంలో అమర్చిన 1024 ధ్వని ఉత్పాదకాలలో ప్రతిదానినీ కొద్ది తేడాతో మోగించడం వల్ల, ఎముక చేసే వక్రీకరణ రద్దయి తరంగాలన్నీ ఒకేచోట కలుస్తాయి. తల పూర్తిగా గొరిగించుకున్న రోగి తల చుట్టూ చల్లని నీరు ప్రవహిస్తూ ఉంటుంది. చేతులు ఆగకుండా వణికే రోగులకు మెదడులో థాలమస్ అనే భాగంలోని ఒక చిన్న కేంద్రాన్ని ఈ విధంగా నశింపజేస్తారు. రోగి మెలకువగానే ఉండి, ప్రతి ప్రయోగం తరువాత కాగితం మీద సుడి గీసి చూపుతాడు. 2016లో ప్రచురితమైన 76 మంది రోగుల అధ్యయనంలో మూడు నెలలకు చికిత్స పొందినవారి చేతి వణుకు 47 శాతం తగ్గింది. అయితే మూడో వంతుకు పైగా రోగుల్లో నడకలో తూలడం, తిమ్మిరి కనబడ్డాయి, కొందరిలో ఏడాది తరువాత కూడా అవి మిగిలాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే ఏడాది ఈ చికిత్సను అనుమతించింది. పుర్రె ఎముక సాంద్రత అనుకూలంగా లేనివారికి ఇది పనిచేయదు.

ప్రోస్టేట్ కణజాలానికి 2015లోనూ, ఎముకలకు పాకిన కాన్సర్ నొప్పికి 2012లోనూ అమెరికాలో అనుమతులు లభించాయి. చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో 1990ల చివరి నుంచే ఎమ్మారైకి బదులు అల్ట్రాసౌండ్ చిత్రాల మార్గదర్శనంలో కాలేయం, ఎముకల కణితులకు చికిత్స జరుగుతోంది. వేడితో నిమిత్తం లేని మరో పద్ధతి హిస్టోట్రిప్సీ. ఇందులో మైక్రోసెకన్ల పాటు మాత్రమే ఉండే అతి తీవ్ర స్పందనలు కణజాలంలో సూక్ష్మమైన బుడగలను పుట్టించి, అవి ఉబ్బి కూలే తాకిడితో కణాలను ద్రవంగా మారుస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి కాలేయ కణితుల విషయంలో 2023లో అనుమతి వచ్చింది. ఆస్పత్రుల్లో చిరపరిచితమైన ఫేకో శుక్లాల ఆపరేషన్ కూడా అల్ట్రాసౌండ్‌దే అయినా, అందులో కంటిలోనికి దూర్చిన సూదిమొన కంపిస్తుందే తప్ప తరంగాలు కేంద్రీకృతం కావు. మూత్రపిండాల రాళ్లను బయటి నుంచి పగలగొట్టే లితోట్రిప్సీలో మాత్రం ఆఘాత తరంగాలను నిజంగానే ఒకచోట కలుపుతారు, కాని అక్కడ గురి రాయి, కణజాలం కాదు.

తెలుగు జిల్లాలకు ఈ చికిత్సతో ఎక్కువ ప్రసక్తి ఉన్నది గర్భసంచి గడ్డల విషయంలో. ఫైబ్రాయిడ్లు అనే ఈ గడ్డలు కాన్సర్ కావు, కాని అధిక రక్తస్రావం, నొప్పి, రక్తహీనత కలిగిస్తాయి, వాటికి మన ప్రాంతంలో వాడుకైన పరిష్కారం గర్భసంచినే తీయించుకోవడం. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఇలా తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఆరోగ్యశ్రీ తొలినాళ్లలో ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు పెరగడం తీవ్ర విమర్శలకు గురైంది. కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, మండవల్లి ప్రాంతాల్లో చెరువుల మీదా వరిచేలల్లోనూ కూలికి వెళ్లే స్త్రీకి పెద్ద ఆపరేషన్ తరువాత వారాల తరబడి పని మానడం సామాన్యమైన నష్టం కాదు. ఎమ్మారై మార్గదర్శనంలో ఫైబ్రాయిడ్ చికిత్సకు 2004లోనే అమెరికాలో అనుమతి లభించింది. బోర్లా పడుకున్న రోగికి పొట్ట వైపు నుంచి కొన్ని గంటల పాటు తరంగాలను పంపుతారు, చాలామంది అదే రోజో మరునాడో ఇంటికి వెళ్లగలుగుతారు. గడ్డ వెంటనే మాయం కాదు, రక్తప్రసరణ ఆగిన భాగాన్ని శరీరం నెలల తరబడి తొలగించుకుంటూ ఉండగా క్రమంగా కుంచించుకుపోతుంది.

ఇక్కడ మళ్లీ దారి ప్రశ్నే ఎదురవుతుంది. పొత్తికడుపు మీది పాత కుట్టు మచ్చ ఆరోగ్యకరమైన చర్మంకన్నా ఎక్కువ ధ్వనిశక్తిని పీల్చుకుని కాలిపోయే ప్రమాదం ఉంటుంది. 2019-21 సర్వేలో సిజేరియన్ కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. వీటికి తోడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గాట్లు ఇక్కడి స్త్రీలలో చాలా సాధారణం. ఒక ఆపరేషన్‌కు బదులుగా వచ్చిన చికిత్సకు అంతకుముందు చేసిన ఆపరేషన్లే అడ్డు కావడం ఈ రాష్ట్రాల ప్రత్యేక పరిస్థితి. మచ్చను తప్పించేలా పుంజాన్ని వంచడం, మచ్చ మీద ధ్వనిని అడ్డుకునే పట్టీ అంటించడం, మూత్రాశయాన్నీ పురీషనాళాన్నీ ద్రవంతో నింపి పేగులను పక్కకు తప్పించడం వంటి ఉపాయాలు ఉన్నాయి గాని, అవి అందరి విషయంలోనూ ఫలించవు. గడ్డలు మరీ పెద్దవైనా, అనేకంగా ఉన్నా, వెనుక ఉన్న తుంటి నరానికి దగ్గరైనా వైద్యులు వేరే మార్గం సూచిస్తారు. చికిత్స పొందిన వారిలో కొందరికి కొన్నేళ్ల తరువాత గడ్డలు తిరిగి పెరగడం వల్ల మరో చికిత్స అవసరం పడుతుంది కాబట్టి, రుతువిరతికి దగ్గరగా ఉన్నవారికి ఇది ఎక్కువగా అనుకూలిస్తుంది. భారతదేశంలో ముంబైలోని జస్లోక్ ఆస్పత్రి ఈ గడ్డలకూ, కోయంబత్తూరులోని రాయల్ కేర్ ఆస్పత్రి చేతి వణుకుకూ ఎమ్మారై మార్గదర్శనంలో చికిత్సను అందుబాటులోకి తెచ్చాయి.