సర్ఫ్ సిటీ జంటగాయకులు

ఊళ్లకు ప్రసిద్ధి దేవతలవలననో రాజులవలననో వచ్చుటయే యెరిగిన నాకు, ఈ దక్షిణ కాలిఫోర్నియాలో హంటింగ్టన్ బీచ్ అను పట్టణము తన్ను తాను 'సర్ఫ్ సిటీ' యని సగర్వముగా చాటుకొనుట వింతగా తోచెను. విచారింపగా, బల్లపై నిలిచి కెరటములమీద జారు క్రీడను కీర్తించుచు 1963లో ఆ పేరుగల పాటను దేశమున ప్రథమస్థానమున కెక్కించిన జ్యాన్ బెరీ, డీన్ టోరెన్స్ అను యువకుల చరిత్రము లభించినది.

లాస్ ఏంజలిస్ బడిలో ఫుట్‌బాల్ ఆడి, స్నానశాలలో గొంతులు కలుపుకొనుటయే వీరి సంగీతాభ్యాసము. 1958లో తొలి రికార్డు వెలువడునాటికి డీన్ సైనికశిక్షణలో నుండుటచే దానిపై ఆర్నీ యను వేరొక మిత్రుని పేరు పడెను. ఈ జంట మరుసటి యేట 'బేబీ టాక్'తో స్థిరపడెను. 'సర్ఫ్ సిటీ'ని బీచ్ బాయ్స్ బృందపు బ్రయన్ విల్సన్ మొదలిడి విడువగా జ్యాన్ పూరించెను. ఆ బృందమును నడుపుచుండిన విల్సన్ తండ్రి, పాట పరులపాలయ్యెనని, అగ్గిమీద గుగ్గిలమయ్యెను! ఇన్ని పాటలు కట్టుచునే జ్యాన్ వైద్యము చదువుచుండెను.

ఒకరెత్తిన చరణమును మరొకరు ముగించుట యనగానే మన జంటకవులు తిరుపతి వేంకటకవులు స్మరణకు రాక మానరు. తిరుపతిశాస్త్రిగారు గతించిన పిమ్మట సయితము సహకవి చెళ్లపిళ్లవారు ఇరువురి పేరిటనే రచించిరి గదా. 1966 ఏప్రిల్ 12న బెవర్లీ హిల్స్‌లో జ్యాన్ కారు ఆగియున్న లారీని గ్రుద్దుకొని, అతనికి మెదడు దెబ్బతిని, కుడిభాగము చచ్చుబడి, మాట పోగా, డీన్ కూడ ఒంటరిగా ఒక ఆల్బమును రికార్డుచేసి ఇద్దరి పేరిట వెలువరించెను. అయితే ఇచట సహచరుడు జీవించియే యుండెను. పోలిక అచటనే తెగినది.

ప్రమాదమునకు రెండేండ్లముందే వీరు 'డెడ్ మ్యాన్స్ కర్వ్' అని కారు ప్రమాదము జరుగు మలుపును గూర్చి పాడియుండుటచే ఇచటివారు దానిని భవిష్యవాణిగా చెప్పుకొందురు. మనవారైనచో పాటలో కీడు తెచ్చు అశుభగణము పడినదందురు. నాకు రెండును రుచింపవు: అతివేగమును ఆటగా పొగడుటలోనే ఆపద గలదు.

డీన్ ఆల్బముల అట్టలకు బొమ్మలు కూర్చి జీవించెను, అందులకు గ్రామీ పురస్కారమును పొందెను. 1978లో వీరి కథ టెలివిజన్ చిత్రమై వచ్చిన పిదప ఇరువురును మరల వేదిక లెక్కిరి. సముద్రపు పాటలకంటె, మాట తడబడుచునే జ్యాన్ పాడిన ఆ తరువాతి యేండ్లనే నేను గొప్పవిగా నెంచుదును. అతడు 2004 మార్చి 26న మరణించెను.