బాలల్లో స్థూలకాయ నివారణ: పాఠశాల ఆరోగ్య కార్యక్రమాల పాత్ర

బక్కచిక్కిన పిల్లలు, అధిక బరువుగల పిల్లలు ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చొనే పరిస్థితి నేడు మన దేశంలో నెలకొని ఉన్నది. 2016-18లో నిర్వహించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10-19 సంవత్సరాల వయస్సు వారిలో 24 శాతం మంది ఉండవలసిన దానికన్నా సన్నగా ఉండగా, 5 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలిగి ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువుగల వారు 2015-16లో 2.1 శాతం కాగా, 2019-21 నాటికి 3.4 శాతానికి పెరిగారు. ఈ స్థితిలో స్థూలకాయ నివారణ పేరిట పిల్లలందరికీ ఆహారం తగ్గించాలనే ఆలోచన సరైనది కాదు. ఎవరికి ఏ సమస్య ఉన్నదో ముందుగా గుర్తించవలసి ఉంటుంది.

ఇందుకు ఎత్తు, బరువు కొలతలే ఆధారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో ప్రారంభమైన జవహర్ బాల ఆరోగ్య రక్ష, దేశవ్యాప్తంగా 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పాఠశాలల్లో వైద్య పరీక్షలకు వీలు కల్పించాయి. స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు పాఠశాలలను ఏడాదికి ఒకసారి సందర్శించవలసి ఉంటుంది. అయితే పెద్దలకు వర్తించే శరీర ద్రవ్యరాశి సూచిక (బి.ఎం.ఐ.) పరిమితులను పిల్లలకు వర్తింపజేయరాదు. వార్తాకథనాల్లో సైతం ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ఉదాహరణకు 140 సెంటీమీటర్ల ఎత్తు, 43 కిలోల బరువుగల పదేళ్ళ బాలుని సూచిక సుమారు 22. పెద్దల లెక్కన ఇది సాధారణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోప్రమాణాల ప్రకారం పదేళ్ళ బాలురలో 21.4 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తారు.

మధ్యాహ్న భోజనాన్ని ఈ సమస్యకు కారణంగా చూపడం సమంజసం కాదు. పి.ఎం. పోషణ్ ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి అందేది 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే. అందులో నూనె 5 గ్రాములు. ప్రాథమికోన్నత తరగతులకు ఇది 7.5 గ్రాములు. వంటలో నూనె వాడకాన్ని 10 శాతం తగ్గించాలని కేంద్ర విద్యా శాఖ 2025లో రాష్ట్రాలకు సూచించింది. నూనె తగ్గినా పప్పు, కూరగాయల పరిమాణం తగ్గకుండా చూడవలసిన బాధ్యత తనిఖీ అధికారులపై ఉన్నది.

అసలు సమస్య పాఠశాల గేటు వద్ద ఉన్నది. చిప్స్, శీతల పానీయాలు, తీపి తినుబండారాలు గంట కొట్టగానే పిల్లల చేతికి అందుతాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో జారీచేసిన నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల ఆహార పదార్థాలను పాఠశాల క్యాంటీన్లలోను, హాస్టల్ వంటశాలల్లోను, గేటు నుండి ఏ దిశలోనైనా 50 మీటర్ల లోపలను విక్రయించరాదని నిర్దేశించాయి. అవి 2021 జూలై నుండి అమలులోకి వచ్చాయి. ప్రధానోపాధ్యాయునికి ప్రహరీ వెలుపలి అంగడిపై అధికారం లేదు గనుక స్థానిక సంస్థలు, ఆహార భద్రతా అధికారులు చొరవ చూపకుండా ఈ నిబంధన అమలు కాజాలదు.

విద్యార్థుల అవగాహన కోసం కేంద్ర మాధ్యమిక విద్యా మండలి (సి.బి.ఎస్.ఇ.) తన అనుబంధ పాఠశాలల్లో చక్కెర బోర్డులు ఏర్పాటు చేయాలని 2025 మే నెలలో ఆదేశించింది. 4-10 సంవత్సరాల పిల్లలు తీసుకొనే కేలరీల్లో 13 శాతం చక్కెర నుండి వస్తుండగా, సిఫారసు చేసిన పరిమితి 5 శాతమేనని మండలి పేర్కొన్నది. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ఒక్కొక్క పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు శిక్షణ పొంది 11 అంశాలను బోధిస్తారు. వాటిలో పోషకాహారం ఒకటి. రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నందున, ఆటల పీరియడ్‌ను గణితానికో, సామాన్య శాస్త్రానికో మళ్ళించే అలవాటును జిల్లా విద్యాధికారులు అరికట్టవలసి ఉన్నది.

బరువు తూచే సమయంలో అంకెలను తరగతి ఎదుట బిగ్గరగా చదవడం తగదు. లావుగా ఉన్న పిల్లలు తోటివారి హేళనకు గురై ఆటలకు దూరమైతే కార్యక్రమ లక్ష్యమే దెబ్బతింటుంది. కొలతల వివరాలను తల్లిదండ్రులకు విడిగా తెలియజేసి, అవసరమైన వారిని ఆరోగ్య కేంద్రాలకు పంపాలి.