హైదరాబాద్ ఈ-ప్రి: బరిలో ఎవరికి ఎంత బలం?

దేశంలో జరిగిన తొలి ఫార్ములా-ఈ రేసు హైదరాబాద్ ఈ-ప్రి. హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరు మోస్తున్న హుస్సేన్ సాగర్ పక్కన, 2.83 కిలోమీటర్ల రోడ్డు ట్రాక్‌పై 2023 ఫిబ్రవరి 11న జరిగింది. 11 జట్లు, 22 మంది డ్రైవర్లు. అన్నీ బ్యాటరీ కార్లే.

రేసు ముందు లెక్క ఇదీ:

పాస్కల్ వెర్లైన్, పోర్షే: 68 పాయింట్లతో అందరికన్నా ముందు. సౌదీలోని దిరియాలో రెండు రేసులూ ఆయనవే.

జేక్ డెన్నిస్, ఆండ్రెట్టి: 62 పాయింట్లు. మెక్సికోలో గెలిచి, దిరియాలో రెండుసార్లూ రెండో స్థానం.

మిచ్ ఎవాన్స్, జాగ్వార్: క్వాలిఫయింగ్‌లో ఫస్ట్.

జాన్ ఎరిక్ వెర్న్, డీఎస్ పెన్స్కీ: రెండుసార్లు ఛాంపియన్. గ్రిడ్‌లో రెండో స్థానం.

లూకాస్ డి గ్రాసీ, మహీంద్రా: మన దేశపు జట్టు. మెక్సికోలో మూడో స్థానం.

తీరా రేసులో కథ మారిపోయింది. సొంత జట్టు కారే తగిలి ఎవాన్స్ బయటికెళ్లాడు. డెన్నిస్‌నూ వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. వెర్లైన్ నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. వెర్న్ దగ్గర చార్జింగ్ తక్కువే మిగిలినా, వెనకే వస్తున్న నిక్ కాసిడీని ఆపి, అర సెకను లోపు తేడాతో గెలిచాడు.

కాబట్టి రామచంద్రపురంలో ఫోన్‌లో ఈ రేసులు చూసే పిల్లలు పాయింట్ల పట్టిక ఒక్కటే చూస్తే చాలదు. గ్రిడ్‌లో స్థానం, సందుల్లాంటి మలుపులు, మిగిలిన బ్యాటరీ శాతం, ఈ మూడూ చూడాలి. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. దాన్ని పొదుపుగా వాడినవాడిదే చివరి ల్యాప్.

2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయింది.