ఒక్క మార్చి నెల వెలుగు

మన ఉత్సవ సంచికలలో తాతముత్తాతలు ఓడలలో వచ్చిన కథలు, తోటల జీవితం, పండుగలు, పాటలు, వీటిని గురించి పెద్దలు ఎన్నో వ్యాసాలు వ్రాశారు. ఆటలను గురించి వ్రాసినవారు తక్కువ. కాని ఈ దేశంలో మన కుటుంబాలు ఎట్లా వేళ్ళూనుకున్నవో తెలుసుకొనుటకు ఒక హాకీ జట్టు చరిత్ర కూడా మనకు సాయపడుతుంది. 1975 మార్చి నెలలో మలేసియా జట్టు రెండు వారాలపాటు హాకీ లోకమంతా తలత్రిప్పి చూచునట్లు ఆడినది. ప్రపంచ కప్పులో అటువంటి ఫలితం ఆ తరువాత ఎన్నడూ రాలేదు. ఆ కథను మన పిల్లల కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

హాకీ ఈ గడ్డకు ఆంగ్లేయులతో వచ్చినది. పాఠశాలల మైదానాలు, పోలీసులు, సైన్యం, రైల్వే, క్లబ్బులు దానిని పెంచినవి. స్వాతంత్ర్యానికి ఒక ఏడాది ముందే, 1956లో, మలయా జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడి తొమ్మిదవ స్థానం తెచ్చుకొన్నది. 1972లో మ్యూనిక్‌లో ఎనిమిదవ స్థానం వచ్చినది. 1973లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రపంచ కప్పులో మాత్రం పన్నెండు జట్లలో పదకొండవ స్థానంతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. అటువంటి జట్టు ఏడాదిన్నర తిరిగేసరికి ప్రపంచంలోని మొదటి నాలుగు జట్లలో ఒకటి అవుతుందని ఎవరు అనుకొంటారు?

1975 మార్చి 1వ తేదీన కౌలాలంపూర్‌లో మూడవ ప్రపంచ కప్పు మొదలయినది. అప్పటి ప్రధానమంత్రి టున్ అబ్దుల్ రజాక్ గారే మన హాకీ సమాఖ్యకు అధ్యక్షులు. శిక్షకులు హో కో చాయ్, నాయకుడు శ్రీ షణ్ముగనాథన్. గోల్‌కీపర్ ఖైరుద్దీన్ జైనల్. వారితోబాటు ఫ్రాంకో డిక్రూజ్, మహేంద్రన్, వాంగ్ చూన్ హిన్, పూన్ ఫూక్ లోక్. ఈ పేర్లను ఒకసారి బిగ్గరగా చదివి చూడండి. మన క్లాంగ్‌లో ఏ వీధిలోకి వెళ్ళినా తలుపుల వెనుక వినిపించే పేర్లే ఇవి.

అంతకుముందు కప్పు గెలిచిన నెదర్లాండ్స్ మన గ్రూపులోనే ఉన్నది. మనవారు దానిని 2-1తో ఓడించారు. గ్రూపులో పాకిస్తాన్ తరువాత రెండవ స్థానంలో నిలిచి సెమీ ఫైనలుకు చేరారు. కప్పు గెలిచి వచ్చిన నెదర్లాండ్స్ చివరకు తొమ్మిదవ స్థానంతో తిరిగి వెళ్ళినది.

సెమీ ఫైనలులో ఎదురైనది భారతదేశం. మొదటి గోలు పూన్ ఫూక్ లోక్ వేశారు. శివాజీ పవార్ దానిని సమం చేశారు. తరువాత షణ్ముగనాథన్ గోలుతో మలేసియా 2-1 ఆధిక్యానికి వచ్చినది. అప్పట్లో ఆట డెబ్బై నిమిషాలు. అరవై అయిదవ నిమిషం వరకు మనమే ముందున్నాము. అప్పుడు భారత జట్టు అస్లం షేర్ ఖాన్‌ను మైదానంలోకి దింపినది. పెనాల్టీ కార్నర్ వచ్చినది. ఆయన మెడలోని తాయెత్తును ముద్దు పెట్టుకొని బంతిని కొట్టారని ప్రసిద్ధి. గోలు పడినది. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ మూడవ గోలు వేశారు. భారత్ 3, మలేసియా 2.

మా వంటి ఇళ్ళలో ఆ నాడు ఒక చిక్కు వచ్చి పడినది. మా తాతగారి తరంవారు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి వచ్చి ఈ రేవులోనే దిగారు. అప్పుడు దీని పేరు పోర్ట్ స్వెటెన్‌హామ్. పోర్ట్ క్లాంగ్ అన్న పేరు 1972లో వచ్చినది. వారికి భారతదేశం పుట్టిన ఊరు. బడి పిల్లలమైన మాకు ఇదే పుట్టిన ఊరు. ఎవరు గెలిచినా సంతోషమేనని తాతగారు ముందుగానే అన్నారు. కాని షణ్ముగనాథన్ గోలు వేసినప్పుడు ఆయన కూడా మాతోబాటు చప్పట్లు కొట్టారు. అరవై అయిదవ నిమిషంలో రేడియో ప్రక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోయారు. మూడు తరాలవారు ఒకే జట్టు కోసం బాధపడిన సాయంత్రం అది. మనము ఎవరమన్న ప్రశ్నకు ఉపన్యాసాల కంటె ఆ మౌనమే మాకు తేటగా జవాబు చెప్పినది.

మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో పశ్చిమ జర్మనీ మనలను 4-0తో ఓడించినది. మార్చి 15న మెర్డెకా స్టేడియంలో భారత్ 2-1తో పాకిస్తాన్‌ను ఓడించి కప్పు తీసుకొన్నది. మలేసియాకు నాలుగవ స్థానం దక్కినది.

తరువాత ఏమయినది? 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మనది ఎనిమిదవ స్థానం. 1978, 1982 ప్రపంచ కప్పులలో రెండుసార్లూ పదవ స్థానం. 2002లో కప్పు మళ్ళీ కౌలాలంపూర్‌కే వచ్చినది, అయినను ఎనిమిదవ స్థానమే. 2018లో పదిహేనవ స్థానం, 2023లో పదమూడవ స్థానం. ఆసియా క్రీడలలో కాంస్యాలు, 2010లో రజతం వచ్చినవి. ఆ గౌరవం తక్కువది కాదు. కాని ప్రపంచ కప్పు సెమీ ఫైనలు మాత్రం మళ్ళీ చూడలేదు.

ఆటగాళ్ళు చెడిపోయారా? కాదు. వారి కాళ్ళ క్రింద నేలే మారిపోయినది. మాంట్రియల్‌లో మొదటిసారి ఒలింపిక్ హాకీని కృత్రిమ పచ్చికపై ఆడించారు. మామూలు గడ్డిపై బంతి ఎగిరి దుముకుతుంది. దానిని ఆపుటకు, మణికట్టు త్రిప్పి తప్పించుటకు నేర్పు కావాలి. మన దేశాల పిల్లలు బడి మైదానాలలో నేర్చుకొన్న విద్య అదే. కృత్రిమ పచ్చికపై బంతి నునుపుగా, వేగంగా పోతుంది. అక్కడ పరుగు, బలం, ఎడతెగని సాధన ఎక్కువగా కావాలి. అటువంటి మైదానం వేయుటకు ఎంతో ధనం కావాలి. ఏ పల్లె బడి అంత ధనం తేగలదు? మనలను ఓడించి కప్పు గెలిచిన భారతదేశానికి మాంట్రియల్‌లో ఏడవ స్థానమే వచ్చినది. పదహారు నెలల క్రిందట ఫైనలు కోసం పోరాడిన రెండు జట్లు ఏడు, ఎనిమిది స్థానాలలో ప్రక్కప్రక్కనే నిలిచినవి. 2023 వరకు చూచినా భారతదేశం ఆ కప్పును మరల గెలవలేదు.

దానికి తోడు రాజకీయం. 1979 చివర సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించినందువలన 1980 మాస్కో ఒలింపిక్స్‌కు మలేసియా వెళ్ళలేదు. 1975 తరంవారికి ఆ తలుపు కూడా మూసుకొన్నది. అదే మాస్కోలో మరొక వింత జరిగినది. చాలా దేశాలు మానుకొనగా మహిళల హాకీలో ఖాళీలు ఏర్పడినవి. చివరి వారాలలో పిలుపు అందుకొన్న జింబాబ్వే జట్టు వెళ్ళి బంగారు పతకం గెలిచినది. ఆ దేశపు మహిళల జట్టు మరల ఒలింపిక్స్‌కు చేరలేదు. ఒకరికి అవకాశం తప్పినది, మరొకరికి అవకాశం దొరికినది. ఇద్దరి వెలుగూ ఒక్కసారిదే.

మేము చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాము. ఒక్కసారి మొదటి స్థానం తెచ్చుకొని తరువాత వెనుకబడిన పిల్లవానిని, అది వాని అదృష్టమని పెద్దలు తీసివేయడం విన్నాము. అది న్యాయం కాదు. ఆ ఒక్కసారి కూడా ఎంతో శ్రమతో వచ్చినదే. ఆనాడు హాకీ జీతమిచ్చే ఆట కాదు. ఉద్యోగాలు చేసుకొంటూనే ఆ యువకులు నెదర్లాండ్స్‌ను ఓడించారు. మరల గెలవాలంటే వ్యక్తుల నేర్పు ఒక్కటే చాలదు. మైదానం కావాలి, గురువు కావాలి, వెనుక నుండి వచ్చే చిన్నవాళ్ళు కావాలి. భాషకైనా, పాటకైనా, హాకీకైనా ఇదే సూత్రం.

ఇప్పుడు మన ప్రక్కనే పండమారన్‌లో హాకీ స్టేడియం ఉన్నది. అక్కడికి కర్ర పట్టుకొని పోయే మన పిల్లలకు షణ్ముగనాథన్, పూన్ ఫూక్ లోక్ పేర్లు తెలిసి ఉండాలి. 1975 ఆటలను చూచినవారు, రేడియోలో విన్నవారు ఇప్పుడు అరవై దాటినవారే. మీ ఇంటిలో అటువంటివారు ఉంటే, దయచేసి వారిని అడిగి వ్రాసి పెట్టుకోండి. రికార్డు పుస్తకంలో మలేసియా నాలుగవ స్థానం అని ఒక్క పంక్తి మాత్రమే దొరుకుతుంది. అరవై అయిదవ నిమిషం వరకు మనమే ముందున్నామన్న మాట పిల్లలకు ఇంటిలోని పెద్దలే చెప్పాలి.