రాడ్డు మీద మందు, వాగులో మందు

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి ట్యాంకర్లు వస్తూనే ఉండేవి. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీలు వాడి వదిలేసిన నీళ్ళు అక్కడికే చేరేవి. శుద్ధి చేశామనిపించి వాటిని వాగులోకి వదిలేవారు. ఇస్కవాగు నుంచి నక్కవాగు, అక్కణ్ణుంచి మంజీర, ఆపైన గోదావరి.

కేంద్రం నుంచి బయటికి పోయే ఆ నీటిని సీసాలకు పట్టి స్వీడన్ తీసుకెళ్ళారు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం అందులో 59 రకాల మందుల కోసం వెతికింది. మామూలుగా మురుగునీటిలో ఒక మందు లీటరుకు ఒక మైక్రోగ్రాము కనబడితేనే పెద్ద సంగతి. ఇక్కడ సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. బాగా ఎక్కువగా కనబడిన మందులను మరోసారి పరీక్షించి నిర్ధారించుకున్నారు. లెక్క కడితే రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ వాగుపాలయ్యేది. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత మందు అది. 2007లో ఈ అంకెలు అచ్చయ్యాయి.

వాగు చెడిపోయిందని పటాన్‌చెరు జనానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ ఫ్యాక్టరీల పక్కనే 30 ఏళ్ళకు పైగా వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వాగు పక్క ఊళ్ళ గోడును బయటికి తెచ్చారు. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో ఆ నీటిని పైపులైను వేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్ళించారు. వాగు కొంత తేరుకుని ఉండవచ్చు. కానీ అడుగున బురదలో అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ బురదకూ ఆపరేషన్ థియేటర్‌కూ సంబంధం ఉంది. ముంబై హైవే మీద బండి జారిపడి కాలి ఎముక చర్మం చీల్చుకొచ్చిన కుర్రాడు ఒకడున్నాడనుకోండి. డాక్టర్లు గాయం కడిగి, ఎముక లోపలికి రాడ్డు దించుతారు. ఆ క్షణం నుంచీ లోహం మీద పోటీ మొదలవుతుంది. ముందుగా ఆక్రమించేది శరీర కణాలా, బాక్టీరియానా? ఆంథనీ గ్రిస్టీనా అనే అమెరికన్ వైద్యుడు 1987లో ఈ పోటీని వివరించాడు. బాక్టీరియా గెలిస్తే వాగు బండ మీద పాకుడులా జిగురు పొర కట్టుకుని లోపల దాక్కుంటుంది. మామూలు మోతాదు యాంటీబయాటిక్ దాన్ని కదిలించలేదు. నెలల తరబడి చీము కారుతూనే ఉంటుంది. చివరికి రాడ్డు తీసేసి మళ్ళీ మొదటికి రావాలి. అప్పటికే అప్పు చేసి ఆపరేషన్ చేయించిన ఇంటికి అది ఎంత దెబ్బో చెప్పనక్కర్లేదు.

అందుకే పరికరానికే మందు పట్టించే పద్ధతి వచ్చింది. 1970లో హాంబర్గ్‌లో బుఖోల్జ్ అనే సర్జన్ కృత్రిమ కీళ్ళను అతికించే సిమెంటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపాడు. తర్వాత కాలి రాడ్ల మీదే ఆ మందును పూతగా వేశారు. పెద్ద కృత్రిమ కీళ్ళకు వెండి పూత పూశారు. మందు ఒళ్ళంతా తిరగకుండా శత్రువు ఉన్నచోటే విడుదలవుతుంది. నిజంగా తెలివైన ఆలోచన. అయితే ఆ మందుకు బాక్టీరియా ఇంకా లొంగుతూ ఉండాలి.

లార్సన్ సహచరులు ఇస్కవాగు బురదలోని డీఎన్ఏను చదివి, 2011లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి కేంద్రం దిగువన పలు రకాల మందులను తట్టుకునే జన్యువులు కుప్పలుగా ఉన్నాయి. వాటిని ఒక బాక్టీరియా నుంచి మరోదానికి మోసుకెళ్ళే ప్లాస్మిడ్లు అనే డీఎన్ఏ తునకలు కూడా ఉన్నాయి. 2014లో దగ్గర్లోని కాజిపల్లి చెరువు లెక్క బయటికొచ్చింది. స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే అక్కడ నిరోధక జన్యువులు దాదాపు 7,000 రెట్లు ఎక్కువ. వాగులోని బాక్టీరియానే నేరుగా ఆ కుర్రాడి కాలిలో చేరిందని నేననడం లేదు. కానీ ప్లాస్మిడ్‌కు వాగూ వార్డూ ఒకటే. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల నిరోధకత కలిసి ప్రయాణించగలదు. నీటిలో పారిందొక మందు, రాడ్డు మీద పూసిందింకొకటి అని ధీమాగా ఉండలేం.

పటాన్‌చెరు ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, సుల్తాన్‌పూర్‌లో, 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాది పడింది. గుండెకు వేసే స్టెంట్లు ఇప్పుడు అక్కడ తయారవుతున్నాయి. జిల్లాకు అది గర్వకారణమే. మరి మందుల ఫ్యాక్టరీల నీటి సంగతి? అందులో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నీటి గురించే మార్గదర్శకాలు విడుదల చేసింది. తీసేసిన పరిమితులను మళ్ళీ చట్టంలో పెట్టాలి. కొలవాల్సింది ఉమ్మడి కేంద్రం దగ్గర కాదు, ట్యాంకరెక్కక ముందే, ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర.